రెట్రో పేరుతో మేం అమ్మేదేమిటి? కొన్ని అపోహలు, వాస్తవాలు

చెన్నైలో చీరల షాపుల కేటలాగ్ షూట్లకు స్టైలింగ్ చేస్తాను. స్టూడియో సాలిగ్రామంలో, క్లయింట్లు ఎక్కువగా టీ నగర్‌లో. ఈమధ్య సగం పనులు 'రెట్రో లుక్ కావాలండీ' అన్న మాటతోనే మొదలవుతున్నాయి. అందుకని పాత ట్రాన్సిస్టరు, ఇత్తడి మరచెంబు ఎప్పుడూ బండిలోనే ఉంటాయి.

అపోహ: పాత రోజులు గుర్తొచ్చి జనమే అడుగుతున్నారు.

అడిగేది ఎక్కువగా పాతికేళ్లు నిండని అమ్మాయిలు. వాళ్లకు గుర్తు రావడానికి ఏముంది? 2018లో 'మహానటి' వచ్చాక 'సావిత్రి జాకెట్టు' కావాలని ఫోన్లో ఫొటో చూపించేవాళ్లు. చూస్తే అందులో ఉన్నది కీర్తి సురేశ్! ఆ సినిమా దుస్తులకు జాతీయ అవార్డు కూడా వచ్చింది, న్యాయమే. కానీ వీళ్లకు నచ్చింది 2018లో డిజైనర్లు చూపించిన పాతకాలం. పెద్ద కంపెనీలైతే సినిమానో సిరీసో వచ్చేదాకా కూడా ఆగవు. 1985లో కథ జరిగే అమెరికన్ వెబ్ సిరీస్ 'స్ట్రేంజర్ థింగ్స్' మూడో సీజన్ 2019 జులైలో వచ్చింది. నైకీ, లీవైస్, హెచ్ అండ్ ఎం ముందే ఒప్పందాలు చేసుకుని ఆ పేరుతో సరుకు దించేశాయి.

అపోహ: ఫ్యాషన్ ఇరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది.

దుస్తుల చరిత్ర రాసిన జేమ్స్ లేవర్ 1937లోనే వేరే లెక్క వేశాడు. పదేళ్ల కిందటిది వికారంగా, ఇరవై ఏళ్లది నవ్వులాటగా అనిపిస్తుందట. ముచ్చటగా కనపడాలంటే యాభై ఏళ్లు దాటాలి. ఇప్పుడు ఆ లెక్కా లేదు. పాండీ బజార్‌లో 70ల బెల్ బాటమూ, 90ల బ్యాగీ జీన్సూ ఒకే హ్యాంగర్ మీద వేలాడుతున్నాయి.

అపోహ: పాతది ఉన్నదున్నట్టు వస్తుంది.

బుట్ట చేతులే చూడండి. మా అమ్మమ్మ జాకెట్టు పల్చటి వాయిల్. గంజి పెడితే కుచ్చు వాటంతటదే నిలబడేది. ముందు హుక్కులు, చంటిపిల్లల తల్లులూ వేసుకోవాలి కదా. ఇప్పుడు అదే చేతిని పట్టుగుడ్డతో కుట్టి, లోపల బిరుసైన క్యాన్‌క్యాన్ నెట్ పెట్టి, వెనక జిప్పు వేస్తున్నారు. ఇంట్లో ఉతికే పనే లేదు, డ్రైవాష్. నెట్ గుచ్చుకుంటోందని మోడళ్లు షాట్‌కీ షాట్‌కీ మధ్య భుజాలు గోక్కుంటారు.

అపోహ: యాడ్స్ గట్టిగా ఇస్తే ఏదైనా తిరిగొస్తుంది.

ఒకసారి మగవాళ్ల కేటలాగ్‌లో సఫారీ సూట్ పెట్టించాను. లైకులు బాగానే వచ్చాయి. ఒక్కటి అమ్ముడైతే ఒట్టు. మే నెలలో, చెన్నైలో, టెరికాట్! తప్పు నాదే.

అపోహ: ఆ రోజుల్లో రంగులే అలా ఉండేవి, మస్టర్డ్ పసుపు, ఇటుక ఎరుపు.

ఇది నాకూ ఉండేది. ఒక క్లయింటు వాళ్లమ్మ పెళ్లినాటి ఫొటో ఇచ్చి, 'సరిగ్గా ఇదే రంగు' అన్నాడు. మస్టర్డ్ రంగులో చీరలు నేయించారు. షూట్ రోజు ఆవిడే అసలు చీర పట్టుకొచ్చింది. కళ్లు చెదిరే చిలకపచ్చ! అప్పటి కలర్ ప్రింట్లు ఆల్బంలో ఏళ్ల తరబడి ఉంటే నీలం ముందు పోతుంది, పచ్చ కాస్తా పసుపులోకి దిగుతుంది. కొడుకు చీర వంక చూసి, 'బాగుందమ్మా, కానీ రెట్రోలా లేదే' అన్నాడు. మస్టర్డ్ చీరతోనే షూట్ చేశాం. ఆ ఏడాది ఆడి సేల్‌లో (తమిళుల ఆడి మాసపు తగ్గింపు అమ్మకాలు) వాళ్ల షాపులో ముందు అయిపోయింది అదే.