చేప నూనె మాత్రలు: అపోహలు - వాస్తవాలు

తిండి సయించక నెలనెలా చిక్కిపోతున్న మనిషిని డైటీషియన్‌గా నా దగ్గరికి తీసుకొచ్చి, "చేప నూనె మాత్రలు మానకుండా వేస్తున్నామండీ, ఇంకా కోలుకోవట్లేదేంటి?" అని ఇంట్లోవాళ్లు అడిగినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఎందుకంటే వాళ్ల శ్రద్ధలో లోపం లేదు, విన్న మాటలోనే తప్పుంది.

అపోహ: చేప నూనె బలం, నీరసించినవాళ్లకి అదే చాలు.

వాస్తవం: మామూలు మాత్రలో ఉండేది 1 గ్రాము నూనె. అంటే 9 కేలరీలు, ప్రోటీన్ దాదాపు సున్నా. తీవ్ర పోషకాహార లోపమున్న పిల్లలకి ఇచ్చే చికిత్సా ఆహారం పాకెట్ ఒక్కటి సుమారు 500 కేలరీలు ఇస్తుంది, ఆ లెక్కన మాత్రలైతే యాభైకి పైగా మింగాలి! ముందు కడుపుకి సరిపడా తిండి, ప్రోటీన్ అందాలి.

అపోహ: ఇన్‌ఫ్లమేషన్‌కి (ఒంట్లో వచ్చే వాపు, మంటకి) నొప్పి మాత్రలా వెంటనే పనిచేస్తుంది.

వాస్తవం: పనిచేస్తుంది, కానీ నిదానంగా. ఇందులోని ఈపీఏ, డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వులు మన కణాల పొరల్లోకి చేరి అక్కడున్న ఒమేగా-6 కొవ్వుని కొంత పక్కకి నెడతాయి, దాంతో వాపు పెంచే రసాయనాల తయారీ తగ్గుతుంది. దీనికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతంలో మేలు కనిపించింది రోజుకి ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపి దాదాపు 3 గ్రాములు ఇచ్చినప్పుడే. డబ్బా మీద 1000 మి.గ్రా. అని ఉంటే అంతా ఒమేగా-3 అనుకోకండి, వెనక చిన్న అక్షరాల్లో చూస్తే చాలావాటిలో ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120, మొత్తం 300 మి.గ్రా. మాత్రమే. రోజుకో మాత్ర వేసుకుని కీళ్ల నొప్పులు తగ్గలేదంటే ఎలా తగ్గుతాయి చెప్పండి?

మరి చిక్కిపోవడానికీ ఇన్‌ఫ్లమేషన్‌కీ సంబంధమే లేదా అంటే, ఉంది. క్యాన్సర్ లాంటి జబ్బుల్లో ఇన్‌ఫ్లమేషనే ఆకలిని చంపేస్తుంది, కండని కరిగిస్తుంది, తిన్నది ఒంటికి పట్టనివ్వదు. అందుకే కీమో తీసుకుంటూ బరువు తగ్గుతున్నవాళ్లకి కొందరికి డాక్టర్లు చేప నూనెని కూడా ఇచ్చి చూస్తారు. ఫలితాలు అందరిలో ఒకేలా రాలేదు. ఇచ్చినా తిండికి తోడుగానే, తిండికి బదులుగా కాదు.

అపోహ: సహజమైనదే కదా, ఎంతైనా వేసుకోవచ్చు.

వాస్తవం: ఎక్కువ మోతాదులో కొందరికి గుండె లయ తప్పే సమస్య పెరిగినట్టు పెద్ద పరిశోధనల్లో తేలింది. రక్తం పలచబడే మందులు వాడుతుంటే డాక్టర్‌కి చెప్పకుండా మొదలుపెట్టొద్దు. కాడ్ లివర్ ఆయిల్ వేరే సంగతి, చేప కాలేయం నుంచి తీస్తారు, అందులో విటమిన్ ఎ బాగా ఎక్కువ, గర్భిణులు దాని జోలికి వెళ్లకూడదు.

శాకాహారులు అవిసె గింజలు సరిపోతాయా అని అడుగుతుంటారు. వాటిలోని ఒమేగా-3 వేరే రకం, శరీరం దాన్ని ఈపీఏగా కొద్దిగా, డీహెచ్‌ఏగా అంతకన్నా తక్కువగా మార్చుకుంటుంది. వాళ్లకి నాచు నుంచి తీసిన నూనె మాత్రలున్నాయి, చేపలకి డీహెచ్‌ఏ అందేది కూడా మొదట ఆ నాచు నుంచే.