ఇండక్షన్ మోటారు: అపోహలు - వాస్తవాలు

మోటార్ల మరమ్మతు పనిలో నేను తరచుగా వినే అపోహలలో చాలావాటికి రోటర్ (మోటారు లోపల తిరిగే భాగం) ఎందుకు తిరుగుతుందో తెలియకపోవడమే కారణం.

అపోహ: రోటర్‌లో అయస్కాంతం ఉంటుంది, లేదా దానికి కరెంటు తీగల ద్వారా అందుతుంది.

వాస్తవం: వ్యవసాయ పంపుల్లోనూ మిల్లుల్లోనూ వాడే మామూలు రోటర్‌లో ఈ రెండూ ఉండవు. ఇనుప రేకుల దొంతర, దాని గాడుల్లో అల్యూమినియం లేదా రాగి కడ్డీలు, వాటిని రెండు చివరలా కలిపే రింగులు మాత్రమే ఉంటాయి. స్టేటర్ (రోటర్ చుట్టూ కదలకుండా ఉండే భాగం) కాయిళ్లలో మూడు ఫేజుల కరెంటు 120 డిగ్రీల తేడాతో ప్రవహించినప్పుడు ఏర్పడే అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరుగుతూ ఆ కడ్డీలను ఖండిస్తుంది. అప్పుడు కడ్డీలలో కరెంటు పుడుతుంది, ఆ కరెంటుపై అదే క్షేత్రం చూపే బలం షాఫ్టును తిప్పుతుంది.

అపోహ: నిమిషానికి 1500 చుట్లు తిరగాల్సిన మోటారు నేమ్ ప్లేట్ మీద 1440 అని ఉంటే అది నాసిరకం.

వాస్తవం: మన 50 హెర్ట్జ్ సరఫరాలో 4 పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న మోటారు క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. రోటర్ కూడా సరిగ్గా అదే వేగాన్ని అందుకుంటే క్షేత్రం కడ్డీలను ఖండించదు, కరెంటు పుట్టదు, తిప్పే బలమూ ఉండదు. కాబట్టి ఆ 60 చుట్ల వెనకబాటు, అంటే 4 శాతం స్లిప్, లోపం కాదు. మోటారు పనిచేయడానికి అదే ఆధారం. లోడు పెరిగితే వేగం కొద్దిగా తగ్గి, స్లిప్ పెరిగి, దానితోపాటు కరెంటూ బలమూ పెరుగుతాయి. ఏ కంట్రోలరూ లేకుండానే లోడుకు తగ్గట్టు సర్దుకునే ఈ గుణాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే.

అపోహ: ఓల్టేజీ తగ్గితే కరెంటూ తగ్గుతుంది కాబట్టి మోటారుకు ప్రమాదం లేదు.

వాస్తవం: అది హీటరు విషయంలో నిజం. మోటారు బలం ఓల్టేజీ వర్గాన్ని (స్క్వేర్) బట్టి మారుతుంది కాబట్టి 415 ఓల్టులు 332కు పడిపోతే గరిష్ఠ బలం 64 శాతానికి తగ్గుతుంది. పంపు మోయాల్సిన నీటి భారం మాత్రం దాదాపు అలాగే ఉండటంతో స్లిప్, కరెంటు పెరిగి వైండింగ్ వేడెక్కుతుంది.

అపోహ: మోటారు తిరుగుతోందంటే మూడు ఫేజులూ ఉన్నట్టే.

వాస్తవం: నడుస్తుండగా ఒక ఫేజు పోయినా, లోడు మరీ ఎక్కువ కాకపోతే మోటారు ఆగదు, ఆపి మళ్లీ వేస్తే మాత్రం హుమ్మని మోగుతూ కదలదు. ఇలా ఒక ఫేజు లేకుండా నడిచి కాలిన మోటారును విప్పితే ఆ సంగతి కాయిళ్లలోనే కనిపిస్తుంది. మూడు ఫేజుల కాయిళ్లను కలిపే పద్ధతులు రెండు, డెల్టా, స్టార్. డెల్టా కనెక్షనైతే ఒక ఫేజు కాయిళ్లు నల్లబడి మిగిలిన రెండూ బాగుంటాయి, స్టార్ అయితే రెండు ఫేజులు కాలి ఒకటి మిగులుతుంది. అన్నీ సమానంగా మాడితే ఓవర్‌లోడునో తక్కువ ఓల్టేజీనో అనుమానించాలి. అందుకే కొత్త వైండింగ్ చుట్టించడానికి ముందు ఫ్యూజులు, స్టార్టరు కాంటాక్టులు, సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారును ఆపే పరికరం) సరిచూడాలి; లేకపోతే కొత్త కాయిళ్లు కూడా అలాగే కాలిపోతాయి.