జనరల్ ఇంటికీ మీటరే: ఫ్నోమ్ పెన్ నీటి సంస్థ నిలదొక్కుకున్న తీరు

యుద్ధంతో చితికిన దేశాల్లో నీటి సంస్థలు సొంత కాళ్లపై నిలబడగలవా అన్న చర్చ ఎక్కడ జరిగినా కంబోడియా రాజధాని ఫ్నోమ్ పెన్ పేరు వస్తుంది.

1975 ఏప్రిల్‌లో ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు తిరుగుబాటు సేనలు నగరాన్ని పట్టుకుని జనాన్నంతా పల్లెలకు తోలేశాయి. 1979లో ఆ పాలన కూలి జనం తిరిగొచ్చేసరికి పైపులు పాడుబడ్డాయి, పని తెలిసిన సిబ్బందిలో బతికున్నవాళ్లు కొద్దిమందే. 1993 నాటికి శుద్ధి చేసిన నీటిలో 72 శాతానికి పైసా రాబడి లేదు. కొంత లీకేజీల పాలు, కొంత దొంగ కనెక్షన్ల పాలు. ఆ కనెక్షన్లు అమ్ముకున్నవాళ్లలో సంస్థ ఉద్యోగులూ ఉన్నారు. నగరంలో కుళాయి నీళ్లు అందేది నాలుగో వంతు మందికే, అదీ రోజుకు పది గంటలే. మిగతావాళ్లు, ముఖ్యంగా పేదలు, కుళాయి రేటుకు ఎన్నో రెట్లు పెట్టి బయట కొనుక్కునేవారు. పేదల కోసమని తక్కువగా ఉంచిన రేటు కుళాయి ఉన్న ఇళ్లకే కలిసొచ్చింది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ఆ ఏడాదే ఎక్ సొన్ చాన్ డైరెక్టర్‌గా వచ్చారు. ఇంటింటి సర్వే చేయించి, మీటర్లు పెట్టించి, అక్రమాలకు పాల్పడిన ఉద్యోగులను తొలగించారు. దొంగ కనెక్షన్ల ఆచూకీ చెప్పినవాళ్లకు బహుమతి ఇచ్చారు. ఒక సైనిక జనరల్ ఇంటికి మీటర్ పెట్టడానికి వెళ్తే ఆయన తుపాకీ గురిపెట్టాడు. చాన్ వెనక్కి వెళ్లి, సాయుధ బలగాలను వెంటబెట్టుకొచ్చి కనెక్షన్ కోయించారు. పెద్దవాళ్లు కట్టాక మామూలు జనాన్ని బిల్లు అడగడం తేలికైంది.

ఇదంతా ఒక్కరి ధైర్యంతో అయిపోలేదు. పైపులు, ప్లాంట్లకు జపాన్, ఫ్రాన్స్, ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు డబ్బిచ్చాయి. 1996లో ప్రభుత్వం సంస్థకు స్వయంప్రతిపత్తి ఇవ్వడంతో వచ్చిన ఆదాయం దాని చేతిలోనే మిగిలింది. రేట్లు 1997లో, 2001లో పెరిగాయి. మూడో విడత కూడా అనుకున్నారు గానీ వసూళ్లు మెరుగుపడి దాని అవసరమే రాలేదు. పేద కుటుంబాలకు కనెక్షన్ ఖర్చులో రాయితీ ఇచ్చారు.

2010 నాటికి రాబడి రాని నీరు 6 శాతానికి పడిపోయింది. సరఫరా 24 గంటలూ ఉంది. 2012లో కంబోడియా స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదైన తొలి కంపెనీ ఇదే. అప్పుడు అమ్మింది సుమారు 15 శాతం వాటా. పెత్తనం ప్రభుత్వానిదే.