పరదేశంలో సొంత వంటకు వచ్చే పేరు

చిరంజీవులకు ఆశీస్సులు.

పరదేశం వెళ్ళినవారికి ఎప్పుడో ఒకప్పుడు "మీ దేశంలో అందరూ ఇదే తింటారట కదా?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. అడిగినవారికి చెడు ఉద్దేశం లేకపోయినా వినగానే మనసు చివుక్కుమంటుంది. ఆ అభిప్రాయం ఎలా పుడుతుందో మీకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఏ దేశపు వంటా మొత్తంగా సముద్రం దాటదు. బతుకుతెరువు కోసం వెళ్ళినవారు తమ ప్రాంతపు రుచినే వెంట తీసుకువెళ్ళి, అక్కడ దొరికే సరుకులతో సరిపెట్టుకుంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా చేరిన చైనావారిలో ఎక్కువమంది ఆ దేశపు దక్షిణాన ఉన్న గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంవారే కాబట్టి, సిచువాన్ ప్రాంతపు ఘాటు గాని, ఉత్తరాది గోధుమ వంటలు గాని ఎరగని అమెరికన్లు చాలాకాలం ఆ ఒక్క మూల వంటనే చైనా వంట అనుకున్నారు.

తెలియకపోవడం కన్నా అనుమానం ఎక్కువ బాధపెడుతుంది. చైనా హోటళ్ళలో తిన్నాక మెడ వెనుక తిమ్మిరి, గుండెదడ కలుగుతున్నాయనీ, దానికి సోయా సాసో, వంటలో పోసే మద్యమో, ఉప్పో, రుచి పెంచడానికి వేసే మోనోసోడియం గ్లుటమేట్ అనే పొడో కారణం కావచ్చనీ ఒక వైద్యుడు రాసిన ఉత్తరం 1968లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. ఆయన ఏదీ తేల్చి చెప్పకపోయినా, అది 'చైనా రెస్టారెంట్ జబ్బు'గా లోకానికెక్కింది. ఆ గ్లుటమేట్‌ను 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునాయె ఇకెడా సముద్రపు నాచు నుంచి వేరు చేశారు. టమాటాలోనూ, ఇటలీవారి పార్మెజాన్ జున్నులోనూ అది సహజంగానే ఉంటుంది. అమెరికన్లు ఇష్టంగా తినే డబ్బా సూపుల్లోనూ వేసేవారు. అయినా ఆ సూపులు తాగినవారెవరూ వాటి పేరుతో జబ్బును పిలవలేదు. చైనా హోటళ్ళవారు మాత్రం తమ వంటలో అది లేదని బోర్డులు పెట్టుకోవలసి వచ్చింది. ఏది తింటున్నారో తెలియనివ్వకుండా చేసిన పరీక్షల్లో, మామూలు మోతాదుకు ఆ బాధలు నిలకడగా కనబడలేదు. వండేవారిమీద ముందునుంచీ ఉన్న చిన్నచూపే ఆ వంటమీదికి మళ్ళిందని నా గట్టి నమ్మకం.

పచ్చి చేప అంటే ముఖం చిట్లించిన అమెరికాలోనే, జపాన్ సంపదా పరపతీ పెరిగేకొద్దీ, అన్నంతో తరచు పచ్చి చేప కలిపి చేసే జపాన్ వంటకం సుశీ ఖరీదైన విందయింది. అవకాడో పెట్టి, నల్లటి నాచు రేకు కంటపడకుండా అన్నం పైకి వచ్చేలా చుట్టే కాలిఫోర్నియా రోల్ ఉత్తర అమెరికాలో పుట్టినదే. దాన్ని నకిలీ అని తీసిపారేయడం నాకు నచ్చదు. దాని చలవతోనే ఎందరికో ఆ రుచి అలవడింది.

కాబట్టి మిమ్మల్ని ఎవరైనా అలా అడిగితే నొచ్చుకోకుండా, అది ఏ ప్రాంతంవారి వంటో, మీ ఇంట్లో ఏం వండుకుంటారో నిదానంగా చెప్పండి. వీలైతే ఇంటికి పిలిచి వండి పెట్టండి. వాళ్ళ ఇళ్ళలో ఏం వండుకుంటారో కూడా అడగండి. హోటళ్ళ పట్టికల్లోకి ఎక్కని వంటలు వాళ్ళకూ చాలా ఉంటాయి.

ఇట్లు,
మీ తాతయ్య