విశేషం తెలిసేలోపే

పెళ్లయి రెండు నెలలు కాకముందే ‘ఏమైనా విశేషమా?’ అని అడిగే పెద్దలకు మన ఇళ్లలో కొదవ లేదు. ఆ విశేషం బయటపడ్డాకే ఫోలిక్ ఆమ్లం మాత్రలు చేతికొస్తాయి. రక్తహీనతకు అవి అప్పుడూ మేలే. కానీ బిడ్డ వెన్ను విషయంలో అప్పటికే గడువు దాటిపోయి ఉండవచ్చు.

పిండంలో మొదట చదునుగా ఉండే ఒక కణాల పొర, తమలపాకు చుట్టినట్టు, అంచులు దగ్గరకు వచ్చి గొట్టంగా మూసుకుంటుంది. మెదడు, వెన్నుపాము ఏర్పడేది ఈ నాడీనాళం నుంచే. ఫలదీకరణ జరిగిన 28 రోజులకల్లా అది పూర్తిగా మూసుకోవాలి. అంటే నెలసరి తప్పి రెండు వారాలు, అంతే. కింది భాగం తెరుచుకునే ఉండిపోతే స్పైనా బైఫిడా అనే వెన్ను లోపం వస్తుంది. పైభాగం మూసుకోకపోతే మెదడే సరిగా ఏర్పడదు, అలాంటి బిడ్డ బతకదు. ఆ రోజుల్లో కణాలు ఆగకుండా విభజన చెందుతుంటాయి. ప్రతి విభజనకూ కొత్త డీఎన్‌ఏ కావాలి, దాని తయారీకి ఫోలేట్ అనే విటమిన్ కావాలి. మాత్రల్లో ఉండే దాని రూపమే ఫోలిక్ ఆమ్లం.

1941లో అమెరికా శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఈ పదార్థాన్ని రవ్వంత రాబట్టి, ‘ఆకు’ అనే అర్థమున్న లాటిన్ మాటతో పేరు పెట్టారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికా మందుల సంస్థ లెడర్లే ప్రయోగశాల బృందం 1945 నాటికి దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. పాలకూర గుట్టలతో ఇక పనిలేకపోయింది.

పుట్టుకలోపాలను అది ఆపగలదని తేలడానికి మాత్రం 1991 దాకా ఆగాల్సివచ్చింది. అంతకుముందు ఇలాంటి లోపమున్న బిడ్డను మోసిన తల్లులకు, గర్భానికి ముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గింది. ఫలితం అంత స్పష్టంగా ఉండటంతో ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఆ పెద్ద మోతాదు వైద్యుల సలహాతో అలాంటి తల్లులకే. మిగతావారికి రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు, గర్భం దాల్చడానికి కనీసం నెల ముందు నుంచి.

తోటకూర, పాలకూర, శనగలు, పెసలు తింటే చాలదా? తినాల్సిందే. అయితే ఫోలేట్ నీటిలో కరుగుతుంది, వేడికి చెడుతుంది. ఆకుకూర ఉడికించి నీళ్లు వార్చేస్తే దానిలో చాలా భాగం ఆ నీళ్లతోనే పోతుంది. పైగా ఆహారంలోని ఫోలేట్ కంటే మాత్రలోనిదే ఒంటికి బాగా పడుతుంది. ముందుగా అనుకోని గర్భాలూ ఉంటాయి కదా, అందుకే అమెరికా 1998 నుంచి పిండిలోనే దీన్ని తప్పనిసరిగా కలిపిస్తోంది.