వారసత్వ పన్ను నుంచి పెట్రోలు సెస్సు దాకా

2024 ఏప్రిల్‌లో లోక్‌సభ ఎన్నికల ప్రచారం జోరుగా సాగుతుండగా, అమెరికాలో వారసత్వ పన్ను ఉందని, మన దగ్గరా అలాంటి విషయాలపై చర్చ జరగాలని కాంగ్రెస్ నేత శామ్ పిట్రోడా అన్నారు. ఇక కొన్ని రోజులు దేశమంతా అదే గొడవ. కాంగ్రెస్ వస్తే మీ ఆస్తులు లాగేసుకుంటుందని బీజేపీ ఊరూరా చెప్పింది. అది ఆయన సొంత అభిప్రాయమని, తమకా ఆలోచనే లేదని కాంగ్రెస్ చేతులు దులుపుకుంది. ఆ పన్ను ఈ దేశంలోనే 32 ఏళ్లు అమల్లో ఉండేదని, దాన్ని ఎందుకు పెట్టారో, ఎందుకు తీసేశారో నిదానంగా చెప్పినవాళ్లు తక్కువ. ఆ కథ తెలియకపోతే, ఈ రోజు పెట్రోలు బంకులో మనం కట్టే సెస్సు (ఫలానా పని కోసమని వేసే అదనపు పన్ను) ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అర్థం కాదు.

1953లో సి.డి. దేశ్‌ముఖ్ ఆర్థిక మంత్రిగా ఉండగా ఎస్టేట్ డ్యూటీ చట్టం వచ్చింది. మనిషి పోయాక వారసులకు దక్కే ఆస్తి ఒక హద్దు దాటితే అందులో ప్రభుత్వానికి కొంత కట్టాలి. జమీందారీలు రద్దవుతున్న కాలమది. భూమి మీద పుట్టుకతో వచ్చే పెత్తనం పోవాలని ఒప్పుకున్నాక, మిల్లుల మీద, మేడల మీద మాత్రం అదే పెత్తనం ఎందుకుండాలన్న ప్రశ్న సహజంగానే వచ్చింది.

మూడేళ్లకు కేంబ్రిడ్జ్ ఆర్థికవేత్త నికొలస్ కాల్డోర్ ప్రభుత్వం కోరిక మీద మన పన్నులను పరిశీలించి నివేదిక ఇచ్చారు. ఆయన చెప్పింది ఒక్క పన్ను గురించి కాదు. ఆదాయంతో పాటు సంపద, ఖర్చు, కానుకలు, ఆస్తి అమ్మకంపై వచ్చే లాభం, అన్నిటి మీదా పన్ను వేయాలన్నారు. ఒక లెక్కలో దాచింది ఇంకో లెక్కలో బయటపడుతుందన్నది ఆయన ఆలోచన. దానికి బదులుగా ఆదాయ పన్ను గరిష్ఠ రేటును 45 శాతం మించనివ్వొద్దని కూడా అన్నారు. రేట్లు తక్కువ, తప్పించుకునే దారులు ఇంకా తక్కువ. ఇంత పొందికైన ఏర్పాటు ఆ తర్వాత మరెవరూ మన ముందు పెట్టలేదని నా అభిప్రాయం.

1957లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి సంపద పన్ను, ఖర్చు పన్ను తెచ్చారు. ఎల్ఐసీ డబ్బుతో వ్యాపారి ముంధ్రా కంపెనీల షేర్లు కొన్న వ్యవహారంలో ఆయన రాజీనామా చేశాక, 1958 బడ్జెట్‌ను నెహ్రూయే స్వయంగా ప్రవేశపెట్టి కానుకల పన్ను వేశారు. పేర్లన్నీ కాల్డోర్ చెప్పినవే. కానీ కొత్త పన్నులన్నిటికీ మినహాయింపులు తగిలించారు. ఆదాయ పన్నును 45కి దించనే లేదు. ఖర్చు పన్నును 1962లో తీసేసి, 1964లో మళ్లీ పెట్టి, 1966లో మళ్లీ తీసేశారు.

చివరికి మిగిలింది రేట్ల పెంపు ఒక్కటే. 1973-74 నాటికి 2 లక్షలు దాటిన ఆదాయంపై 85 శాతం పన్ను, ఆ పన్ను మొత్తంలో ఇంకో 15 శాతం సర్‌చార్జీ, అంటే పన్ను మీద పన్ను. కలిపితే 97.75 శాతం. ఆ పైన సంపాదించే ప్రతి వంద రూపాయల్లో చేతికొచ్చేది 2 రూపాయల 25 పైసలు. ఆ రేటుకు నిజాయితీగా కట్టమంటే ఎవరు కడతారు? నల్లధనానికి ఈ రేట్లే ముఖ్య కారణమని ప్రభుత్వమే వేసిన వాంఛూ కమిటీ 1971లోనే చెప్పింది. 1974-75లో 77కి, రెండేళ్లకు 66కి, 1985లో 50కి, మన్మోహన్ సింగ్ చేతిలో 40కి, 1997లో చిదంబరం చేతిలో 30కి గరిష్ఠ రేటు దిగివచ్చింది. ఈ తగ్గింపును తప్పు పట్టను. కట్టలేని పన్ను ఖజానాకూ పనికిరాదు, పేదవాడికీ పనికిరాదు.

తప్పు ఇంకోచోట జరిగింది. ఆదాయంపై రేటు తగ్గిస్తూ, దానికి జోడీగా ఉండాల్సిన సంపద మీది పన్నులను ఒక్కొక్కటిగా వదిలేశారు.

1985 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి వి.పి. సింగ్ ఎస్టేట్ డ్యూటీని ఎత్తేశారు. అప్పటికి 20 లక్షలు దాటిన ఆస్తిపై దాని రేటు 85 శాతం. అయినా ఏడాదికి వచ్చేది సుమారు 20 కోట్లే. ఇంత తక్కువ రాబడికి వసూలు ఖర్చు, కోర్టు తగాదాలు ఎందుకన్నది ఆయన వాదన. 85 శాతం రేటు ఉన్న పన్నుకు 20 కోట్లే వస్తున్నాయంటే దానికి ఎన్ని చిల్లులున్నాయో తెలుస్తూనే ఉంది. రేటు తగ్గించి, ఆ చిల్లులు పూడ్చి చూద్దామని ఎవరూ అనలేదు. ఆ ఏడాది మార్చి 16 నుంచి ఈ దేశంలో వారసత్వానికి పన్ను లేదు.

సంపద పన్ను ఇంకో ముప్పై ఏళ్లు బతికింది, కానీ పేరుకే. 1990ల మొదట్లో సంస్కరణల్లో భాగంగా షేర్ల వంటి ‘ఉత్పాదక’ ఆస్తులను దాని పరిధిలోంచి తప్పించారు. మిగిలినవి బంగారం, కార్లు, రెండో ఇల్లు, పట్టణంలోని ఖాళీ స్థలం లాంటివి. చివరి రోజుల్లో రేటు 30 లక్షలు దాటిన సంపదపై 1 శాతం. అంటే కోటి రూపాయల బంగారమున్న కుటుంబం 70 వేలు కట్టాలి. వంద కోట్ల షేర్లున్న కుటుంబం వాటి మీద ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. ఈ దేశంలో అసలు పెద్ద సంపదలు పెరిగింది షేర్లలోనే. 2013-14లో దేశం మొత్తం మీద ఈ పన్ను కింద వచ్చింది 1,008 కోట్లు. ఆ అంకెను చూపించే 2015లో అరుణ్ జైట్లీ దాన్ని రద్దు చేశారు. దాని బదులు కోటి దాటిన ఆదాయాలపై సర్‌చార్జీని 2 శాతం పెంచారు. దాంతో 9,000 కోట్లు వస్తాయన్నారు. వినడానికి లాభసాటి బేరమే. కానీ సర్‌చార్జీలో రాష్ట్రాలకు వాటా లేదు. ఈ మెలికకు మళ్లీ వస్తాను.

షేర్ల సంగతే ఇంకొంచెం చూద్దాం. స్టాక్ ఎక్స్చేంజీలో కొన్న షేర్లను ఏడాది ఉంచుకుని అమ్మితే వచ్చే లాభంపై 2004 నుంచి పన్నే లేదు. 2018లో లక్ష దాటిన లాభంపై 10 శాతం మళ్లీ వేశారు. 2024 జూలైలో అది 12.5 శాతమైంది. జీతం మీద బతికేవాళ్లకు పై మెట్టులో 30 శాతం. కష్టం చేసి తెచ్చుకున్న రూపాయికీ, కూర్చున్నచోట పెరిగిన రూపాయికీ ఇంత తేడా ఉండటం ఏ రకంగా న్యాయమో నాకు అర్థం కాదు.

ఈ కాలంలోనే అసమానత ఎలా పెరిగిందో వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ అనే పరిశోధన సంస్థ 2024 మార్చి పత్రం లెక్కగట్టింది. 1980ల తొలినాళ్లలో దేశ ఆదాయంలో పై 1 శాతం మంది వాటా 6 శాతం దాకా పడిపోయింది. 2022-23 నాటికి అది 22.6 శాతం. సంపదలోనైతే 40.1 శాతం. మన సర్వేలు, పన్ను లెక్కలు అంత నమ్మదగ్గవి కావని ఈ అంకెలను ప్రశ్నించేవాళ్లూ ఉన్నారు. అంకె అటూ ఇటూ కావచ్చు. పోతున్న దిక్కు మాత్రం ఊళ్లో పెళ్లిళ్లు చూసినా తెలుస్తుంది.

2019 సెప్టెంబర్ 20న గోవాలో జీఎస్టీ మండలి సమావేశానికి ముందు నిర్మలా సీతారామన్ కంపెనీల పన్ను తగ్గింపు ప్రకటించారు. మినహాయింపులు వదులుకునే కంపెనీలకు 30గా ఉన్న మూల రేటు 22కి, కొత్తగా పెట్టే తయారీ కంపెనీలకు 15కి దిగింది. ఖజానాకు ఏటా 1.45 లక్షల కోట్లు తగ్గుతాయని ఆమే చెప్పారు. ఆ రోజు సెన్సెక్స్ 1,921 పాయింట్లు ఎగిరింది. పెట్టుబడులు వస్తాయి, ఉద్యోగాలు వస్తాయి అన్నారు. కంపెనీల పన్ను రాబడి 2018-19లో 6.63 లక్షల కోట్లుంటే, మరుసటి ఏడాది 5.57 లక్షల కోట్లకు పడిపోయింది. తర్వాత పెరిగింది, నిజమే. కానీ అంతకంటే వేగంగా వ్యక్తుల ఆదాయ పన్ను పెరిగి దాన్ని దాటిపోయింది. 2023-24లో కంపెనీలు 9 లక్షల కోట్ల పైచిలుకు కడితే, వ్యక్తులు 10 లక్షల కోట్ల పైచిలుకు కట్టారు.

ఆ ప్రకటన తర్వాత ఏడాది తిరగకుండానే కరోనా వచ్చింది. ముడి చమురు ధర కుప్పకూలింది. బంకులో ధర తగ్గాల్సిన సమయం అది. 2020 మార్చిలో లీటరుకు 3 రూపాయలు, మే మొదటి వారంలో పెట్రోలుపై 10, డీజిల్‌పై 13 రూపాయలు కేంద్రం సుంకం పెంచింది. 2014లో పెట్రోలుపై 9.48 రూపాయలున్న కేంద్ర సుంకం 32.98కి, డీజిల్‌పై 3.56 ఉన్నది 31.83కి చేరింది. ఎక్సైజ్ రాబడి ఒక్క ఏడాదిలో సుమారు 2.4 లక్షల కోట్ల నుంచి 3.9 లక్షల కోట్లకు పెరిగింది. బంకుకు వచ్చిన ఆటో డ్రైవరును నీ ఆదాయమెంత అని ఎవరూ అడగరు. కారులో వచ్చిన పారిశ్రామికవేత్త కట్టిందే అతనూ లీటరుకు కడతాడు.

ఇక ఆ మెలిక. 2000లో చేసిన 80వ రాజ్యాంగ సవరణతో కేంద్రం వసూలు చేసే పన్నులన్నీ రాష్ట్రాలతో పంచుకోవాల్సినవయ్యాయి. సెస్సులు, సర్‌చార్జీలను మాత్రం బయట ఉంచారు. రిజర్వ్ బ్యాంకు మాజీ గవర్నర్, మన వై.వి. రెడ్డి అధ్యక్షతన పద్నాలుగో ఆర్థిక సంఘం ఈ పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి ఒక్కసారిగా పెంచింది. ఆ తర్వాతి ఏళ్లలో కేంద్రం సెస్సుల మీద సెస్సులు వేసుకుంటూ పోయింది. కేంద్ర పన్ను రాబడిలో పదో వంతుగా ఉన్న సెస్సులు, సర్‌చార్జీలు 2020-21 నాటికి ఐదో వంతుకు చేరాయి. 2021లో లీటరు పెట్రోలుపై కేంద్రం తీసుకున్న 32.90 రూపాయల్లో రాష్ట్రాలతో పంచుకోవాల్సింది 1.40 మాత్రమే.

అంటే కంపెనీలకు తగ్గించిన మూల రేటు రాష్ట్రాలతో పంచుకునే పన్ను. దాని నష్టంలో రాష్ట్రాలకూ భాగముంది. దాన్ని భర్తీ చేసిన పెట్రోలు సెస్సు కేంద్రానికే. అయితే రాష్ట్రాలేమీ అమాయకులు కావు. పెట్రోలుపై తెలంగాణ వ్యాట్ 35.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, పైన లీటరుకు 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. ఈ భారమూ ఆ ఆటో డ్రైవరు మీదే.

ఒక రాబడి పోతే ఆ లోటు కొనుగోలుదారుడి మీద పడటం ఇప్పటి మాట కాదు. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో, 1938లో మన చిత్తూరు, కడప జిల్లాల్లో మద్యం నిషేధించింది. ఎక్సైజ్ రాబడి పోయింది. ఆ లోటు పూడ్చడానికే 1939లో సాధారణ అమ్మకం పన్ను వచ్చింది. దేశంలో అదే మొదటిది. నిషేధం నిలవలేదు, అమ్మకం పన్ను నిలిచింది. వ్యాట్ అయింది, 2017లో దానిలో చాలాభాగం జీఎస్టీలో కలిసిపోయింది.

ఆ జీఎస్టీ మన వంటింట్లో ఎలా పనిచేస్తుందో బియ్యం బస్తా చెబుతుంది. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యంపై 5 శాతం పన్ను వేశారు. 25 కిలోలు దాటిన బస్తాకు మాత్రం మినహాయింపు. మిల్లుల వాళ్లు 26 కిలోల బస్తాలు కుట్టడం మొదలుపెట్టారు. ఒకేసారి 26 కిలోలు కొనగలిగిన ఇంటికి పన్ను లేదు. కూలి డబ్బులు చేతికొచ్చిన రోజు 5 కిలోల ప్యాకెట్ కొనుక్కునే ఇంటికి పన్ను ఉంది.

2025లో రెండు కోతలు వచ్చాయి. ఫిబ్రవరి బడ్జెట్ కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా ఆదాయ పన్ను లేకుండా చేసింది. ఉద్యోగులకు పెద్ద ఊరట, కాదనను. దాని ఖర్చు లక్ష కోట్లన్నారు. అదంతా పంచుకోవాల్సిన పన్నే అనుకుంటే 41 శాతం (42ను తర్వాతి ఆర్థిక సంఘం 41కి దించింది), అంటే 41 వేల కోట్లు రాష్ట్రాలవి. అందులో అప్పటికి 4.047 శాతం వాటా ఉన్న ఆంధ్రప్రదేశ్‌కు తగ్గేది సుమారు 1,660 కోట్లు. అప్పటికి 2.102 శాతం వాటా ఉన్న తెలంగాణకు సుమారు 860 కోట్లు. బడులకు, ఆసుపత్రులకు వెళ్లాల్సిన డబ్బు అది.

సెప్టెంబర్ 3న జీఎస్టీ మండలి 12, 28 శాతం శ్లాబులను తీసేసి 5, 18, కొన్నిటికి 40 శాతంగా మార్చింది. సబ్బు, షాంపూ, టూత్‌పేస్ట్ లాంటివి 5 శాతంలోకి వచ్చాయి. పేదవాడి జేబులోకి నేరుగా వెళ్లే ఇలాంటి కోత చాలా ఏళ్ల తర్వాత ఇదే. తమకు తగ్గే రాబడికి పరిహారం ఇవ్వాలని తెలంగాణతో సహా ఎనిమిది రాష్ట్రాలు అడిగాయి. ఆ మాట తేలకుండానే సెప్టెంబర్ 22 నుంచి కొత్త రేట్లు అమల్లోకి వచ్చాయి.