పంపు నీళ్లు పచ్చగా వస్తే ఎవర్ని అడగాలి?

2018 మార్చి మొదట్లో పాత గుంటూరు ఆనందపేట, సంగడిగుంట సందుల్లో ఇంటికొకరు మంచాన పడ్డారు. వాంతులు, విరేచనాలు. వందల మంది పెద్దాసుపత్రిలో చేరారు. పది మందికి పైగా చనిపోయారు. తాగే నీళ్లలో మురుగు కలిసిందని అందరికీ తెలిసిపోయింది. పైపు ఎక్కడ పగిలింది, ఏ ఇంజినీరుది తప్పు అని చాలా రోజులు చర్చ నడిచింది. నాకు మాత్రం అప్పుడూ ఇప్పుడూ మనసులో మెలిపెడుతున్న సంగతి వేరు. ఆ మార్చి నాటికి గుంటూరుకు మేయర్ లేరు. ఏ వార్డుకూ కార్పొరేటర్ లేరు. ఎనిమిదేళ్లుగా లేరు. బిడ్డను ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తే తల్లి, 'ఏమయ్యా, నీకు ఓటేశాను కదా, ఈ నీళ్లేంటి?' అని నిలదీయడానికి ఊళ్లో మనిషి లేడు.

పాత పేటల్లో పంపు ఎలా ఉంటుందో చూసినవాళ్లకు ఈ జబ్బు ఆశ్చర్యం కలిగించదు. వీధి మధ్యలో పెద్ద పైపు, ఇంటి గోడ వారగా సైడు కాలువ. పెద్ద పైపు నుంచి ఇంటికొచ్చే సన్న పైపు ఆ కాలువను దాటాలి. చాలాచోట్ల మురుగులో మునిగే దాటుతుంది. ఇనుప పైపైతే కొన్నేళ్లకు తుప్పు పట్టి సూదిమొనంత చిల్లు పడుతుంది. నీళ్లు వచ్చేంతసేపూ ఆ చిల్లులోంచి బయటికి చిమ్ముతాయి, ఫరవాలేదు. నీళ్లు ఆగాక పైపు ఖాళీ అవుతుంది. ఖాళీ పైపు బయటి మురుగును లోపలికి పీల్చుకుంటుంది. ధార సన్నగా వస్తోందని ఎవరైనా మోటారు బిగిస్తే ఆ పీల్పు ఇంకా ఎక్కువ. పంపు అందడం లేదని గడప ముందు నడుంలోతు గుంట తవ్వి, అందులో దిగి బిందె పట్టుకునే ఇళ్లు నేను చూశాను. వానొస్తే ఆ గుంటలోకి కాలువ పొర్లుతుంది. ఇరవై నాలుగ్గంటలూ నీళ్లుండే ఊళ్లో ఈ బాధ చాలామటుకు ఉండదు. రోజుకో గంట నీళ్లిచ్చే ఊళ్లో తప్పదు. పక్కనే కృష్ణ. ఉండవల్లి దగ్గర తోడి తక్కెళ్లపాడులో శుద్ధి చేసి పంపుతున్నారు. శుద్ధి చేసిన నీళ్లు చివరి పది గజాల్లో పాడవుతున్నాయి.

ఆ పది గజాల సంగతి చూడాల్సింది మున్సిపాలిటీ. గుంటూరుకు 1866లో, బెజవాడకు 1888లో మున్సిపాలిటీలు వచ్చాయి. మున్సిపాలిటీ అంటే ఏమిటో మన జిల్లా జనానికి తెలిసినంతగా చాలామందికి తెలియదు. అప్పట్లో గుంటూరు జిల్లాలోనే ఉన్న చీరాల, పేరాలను కలిపి మద్రాసు ప్రభుత్వం మున్సిపాలిటీ చేసింది. నాలుగు వేలున్న పన్ను నలభై వేలకు పోతుందని తెలిసి జనం ఎదురుతిరిగారు. 1921లో ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెనక ఊరికి ఊరే కదిలి, పొలిమేర అవతల పాకలు వేసుకుంది. దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. దాదాపు పదకొండు నెలలు ఎండకూ వానకూ అక్కడే ఉన్నారు. గోపాలకృష్ణయ్య జైలుకెళ్లారు. ఆ పోరాటాన్ని పన్నుల గొడవగా మాత్రమే చెప్పుకోవడం తప్పని నా అభిప్రాయం. 'మా దగ్గర వసూలు చేసేదేంటి, మాకు ఇచ్చేదేంటి, అది నిర్ణయించేది ఎవరు' అని వాళ్లు అడిగారు. నేత నేసుకుని బతికేవాళ్లు, సన్నకారు రైతులు అడిగిన ప్రశ్న అది.

స్వాతంత్ర్యం వచ్చాక కొన్ని దశాబ్దాల పాటు ఆ ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి పేటలోనే ఉండేవాడు. కౌన్సిలర్. నా చిన్నప్పుడు మా పేట కౌన్సిలర్ గారి అరుగు మీద పొద్దున్నే నలుగురైదుగురు కూర్చుని ఉండేవాళ్లు. వీధి దీపం, చెత్తకుండీ, పెన్షన్ కాగితం, అన్నదమ్ముల గోడ తగాదా. మా నాయనమ్మ చేతిలో చెంబుతో వెళ్లి, 'ఏరా అబ్బాయ్, ఈ నీళ్లు మీ అమ్మకు పోస్తావా?' అని అడగడం నాకు గుర్తుంది. ఆయన తల వంచుకుని చెంబు అందుకున్నాడు. ఆ కాలమంతా బంగారమని చెప్పను. కాంట్రాక్టుల్లో కమీషన్లు అప్పుడూ ఉన్నాయి, కులం లెక్కలు అప్పుడూ ఉన్నాయి. కానీ తిట్లు తినడం కౌన్సిలర్ పనిలో భాగం. సాయంత్రానికి ఫిట్టర్ వచ్చేవాడు.

విజయవాడలో రాజకీయం ఇంకా కిందినుంచి పుట్టింది. యూనియన్లు, పేటల్లో కమ్యూనిస్టు శాఖలు. 1981లో కార్పొరేషన్ అయినప్పుడు తొలి మేయర్ సీపీఐ నాయకుడు టి. వెంకటేశ్వరరావు. 1995లో మళ్లీ ఆయనే మేయర్ అయ్యారు. అదే ఊళ్లో అవే యూనియన్ల మీద పట్టు కోసం ముఠాలు లేచాయి. 1972లో కమ్యూనిస్టు నాయకుడు చలసాని వెంకటరత్నం హత్య, 1988 డిసెంబరు 26న కాంగ్రెస్ ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగా హత్య, ఆ తర్వాత తగలబడిన ఊరు. అప్పటినుంచి 'మనకెందుకు రాజకీయం' అనే మాట బెజవాడ మధ్యతరగతి ఇళ్లలో స్థిరపడింది. పేటలో పనిచేసే మంచి మనుషులు పక్కకు తప్పుకున్నారు. డబ్బున్నవాళ్లూ, వెంట పదిమందిని తిప్పుకునేవాళ్లూ ముందుకొచ్చారు.

మున్సిపాలిటీల కోసం చేసిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్‌లో అమల్లోకి వచ్చింది. పాలకవర్గం గడువు ఐదేళ్లు, అది తీరకముందే ఎన్నికలు జరగాలి అని స్పష్టంగా రాశారు. పన్నెండో షెడ్యూలులో నీటి సరఫరా, పారిశుధ్యం సహా 18 పనులు పట్టణాలకు అప్పగించవచ్చన్నారు. గుంటూరు 1994లో కార్పొరేషన్ అయింది. 1995లో, 2000లో మేయర్‌ను జనమే నేరుగా ఎన్నుకున్నారు. 2005కు వచ్చేసరికి ఆ హక్కు పోయింది. కార్పొరేటర్లే ఎన్నుకోవాలన్నారు. క్యాంపులు, బేరాలు మొదలయ్యాయి.

2010లో రెండు నగరాల పాలకవర్గాల గడువూ తీరింది. విజయవాడకు 2014లో ఎన్నికలు జరిగాయి. 2019లో గడువు తీరాక మళ్లీ దాదాపు రెండేళ్లు ఖాళీ. గుంటూరులో మాత్రం 2012లో నల్లపాడు, గోరంట్ల, ఏటుకూరు, బుడంపాడు లాంటి పది గ్రామాలను కలిపారు. వార్డుల విభజన, కోర్టు కేసులు, వాయిదాలు. కాంగ్రెస్ పోయి తెలుగుదేశం వచ్చింది, తెలుగుదేశం పోయి వైఎస్సార్ కాంగ్రెస్ వచ్చింది. 2021 మార్చి దాకా ఎన్నిక లేదు. దాదాపు పదకొండేళ్లు ప్రత్యేకాధికారి పాలన. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు కూడా ఆగుతాయి. అయినా ఏ పార్టీ ప్రభుత్వమూ తొందరపడలేదు. కారణం దాపరికం లేనిదే. వార్డులో కార్పొరేటర్ లేకపోతే ప్రతి పనికీ ఎమ్మెల్యే గుమ్మమే దిక్కు.

ఆ ఖాళీలోకి ప్రతి ప్రభుత్వమూ తన మనుషుల్ని పంపింది. 2014 తర్వాత జన్మభూమి కమిటీలు. 2019 నుంచి వాలంటీర్లు, వార్డు సచివాలయాలు. వాలంటీరు పిల్లలు పెన్షన్ ఇంటికి తెచ్చిచ్చారు, ముసలివాళ్లు సంతోషపడ్డారు, కాదనను. కానీ పైపు మార్చే అధికారం ఆ పిల్లల చేతిలో లేదు. ఇక భూగర్భ డ్రైనేజీ. రూ.900 కోట్లకు పైగా అంచనాతో గుంటూరులో మొదలుపెట్టి, వీధులన్నీ తవ్వి, సగంలో ఆపేశారు. ఆ తవ్వకాల్లోనే మంచినీళ్ల పైపులు దెబ్బతిన్నాయని 2018లో జనం మొత్తుకున్నారు. ఆ పని నడిపింది కూడా నగర పాలకవర్గం కాదు. అసలు పాలకవర్గమే లేదు.

పన్ను మాత్రం ఆగలేదు. 2020లో చట్టం మార్చి, ఇంటి పన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద వేయడం మొదలైంది. 2021 అక్టోబరు నుంచి చెత్త పన్ను. మూడేళ్ల తర్వాత ప్రభుత్వం మారి దాన్ని ఎత్తేసింది. వేసినప్పుడూ తీసేసినప్పుడూ నిర్ణయం పైనుంచే.

ఎన్నికలు జరిగితే చాలు అన్నీ బాగుపడతాయని నేనూ అనుకునేవాణ్ణి. 2021లో గుంటూరు 57 వార్డులకూ కార్పొరేటర్లు వచ్చారు. 2024 ఫిబ్రవరిలో శారదా కాలనీ వైపు మళ్లీ అతిసారం, మళ్లీ చావు. కార్పొరేటర్లు ఈసారి వీధిలోకి వచ్చారు, తిట్లు తిన్నారు. కానీ పైపులకు డబ్బు, టెండరు, ఇంజినీరు బదిలీ ఏదీ వాళ్ల చేతిలో లేదు. పదకొండేళ్లలో కుర్చీతో పాటు కుర్చీకున్న పని కూడా పోయింది. 2025 మార్చిలో మేయర్ రాజీనామా చేశారు, ఏప్రిల్‌లో కొత్త మేయర్ వచ్చారు. రాష్ట్రంలో అధికారం మారిందని ఇక్కడి బలాబలాలూ మారాయి. నీళ్ల గురించి పదవి పోయిన మేయర్ ఒక్కరైనా నాకు గుర్తులేరు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు గట్లు తెగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు మేడల మీద నిలబడ్డ జనం కూడా ఫోన్లలో ముఖ్యమంత్రినే పిలిచారు. 2005లోనూ అదే వాగు ముంచింది. వెలగలేరు నుంచి కృష్ణలోకి పోయే మళ్లింపు కాలువను వెడల్పు చేయాలన్న మాట అప్పటినుంచీ ఉంది. పంతొమ్మిదేళ్లలో ఆ మాటను వదలకుండా పట్టుకుని అడగాల్సింది ఆ డివిజన్ల మనుషులు. వాళ్లకు అడిగే చోటే లేకుండా పోయింది.

మొన్న పాత గుంటూరులో మా పిన్ని ఇంటికి వెళ్లాను. పొద్దున ఐదున్నరకు పంపు వచ్చింది. పంపు మూతికి కట్టిన పాత చీర ముక్క విప్పి, ఉతికి, మళ్లీ కట్టింది. మొదటి రెండు బిందెలూ కాలువలో పారబోసింది. మూడో బిందె పట్టి, గ్లాసుతో వెలుతురుకెత్తి చూసి, పొయ్యి మీదకెక్కించింది. 'ఎవరికైనా చెప్పావా పిన్నీ?' అన్నాను. 'ఎవరికి చెప్పమంటావురా? పేరు చెప్పు, ఇప్పుడే వెళ్తా' అంది.